మొదటిసారి కలిసే రోజు మధ్యాహ్న భోజనానికి ఎలాంటి హోటలు బాగుంటుంది?

మీరు రాసిన దాని సారాంశం ఇది. మీ ఇల్లు కేపీహెచ్‌బీలో, ఆమె ఇల్లు తార్నాకలో. పెళ్లి సంబంధాల యాప్ ద్వారా పరిచయమై మూడు వారాలుగా ఫోనులో మాట్లాడుకుంటున్నారు. ఇంకో పది రోజుల్లో వచ్చే శనివారం మధ్యాహ్నం మొదటిసారి బయట కలిసి భోజనం చేయాలని అనుకున్నారు. ఇద్దరికీ కలిపి ఖర్చు 1,500 రూపాయల లోపు ఉండాలి. పేరున్న బిర్యానీ హోటలుకు వెళ్లడమా, బల్ల మధ్యలో నిప్పుల మీద కబాబులు కాల్చి పెట్టే బఫేకు వెళ్లడమా, మేడ మీది కెఫేకు వెళ్లడమా అన్నది మీ సందేహం.

నేను హైదరాబాదు హోటళ్లలో 22 ఏళ్లు పనిచేశాను. హిమాయత్‌నగర్‌లో స్టీవార్డుగా, అంటే బల్లల దగ్గర వడ్డించేవాడిగా చేరి, వాళ్ల పైన ఉండే కెప్టెన్‌నై, చివరి తొమ్మిదేళ్లు బంజారాహిల్స్‌లో ఒక రెస్టారెంటు హాలు మొత్తం నా బాధ్యతగా చూసుకున్నాను. మొదటిసారి కలుసుకుంటున్న ఇద్దరిని మెనూ చేతికి ఇవ్వగానే గుర్తుపట్టవచ్చు. ఇద్దరూ ఒకేసారి ‘మీ ఇష్టం’ అంటారు. అలాంటి బల్లల దగ్గర ఎన్నోసార్లు నిలబడి ఆర్డరు రాసుకున్న అనుభవంతో చెబుతున్నాను, మీరు అనుకున్న మూడింటిలో ఏదీ ఆ రోజుకు సరిపోదు. మీకు కావలసింది గొంతు పెంచకుండా గంటన్నర మాట్లాడుకోగలిగిన, ఆమె ఎప్పుడు వెళ్లాలనుకుంటే అప్పుడు ఇబ్బంది లేకుండా లేచి వెళ్లగలిగిన ఒక మంచి బల్ల. ముందు అలాంటి బల్ల ఎక్కడ దొరుకుతుందో చూసుకోండి. రుచి, పేరు, ధర ఆ తరువాత చూడవచ్చు.

అంతకంటే ముందు తేల్చుకోవలసిన విషయం ఒకటి ఉంది. మీరు అనుకున్నది శనివారం. మన ఇళ్లలో చాలామంది వేంకటేశ్వరస్వామి వారమని శనివారం నీచు ముట్టరు. కొందరికి సోమవారం, కొందరికి గురువారం ఆ నియమం ఉంటుంది. శ్రావణంలోనో కార్తీకంలోనో నెలంతా మానేసేవారూ ఉన్నారు. ఆమె మాంసాహారం తింటారని రాశారు కానీ, శనివారం తింటారో లేదో రాయలేదు. బిర్యానీ హోటల్లో కూర్చున్నాక ‘ఈరోజు నేను తినను’ అని ఆమె చెప్పవలసి వస్తే మీరు నొచ్చుకుంటారు, మీరు నొచ్చుకున్నారని ఆమె నొచ్చుకుంటారు, మొదటి పావుగంట ఒకరికొకరు క్షమాపణలు చెప్పుకోవడంతోనే సరిపోతుంది. ‘శనివారం మీరు ఏం తింటారు, ఏం తినరు?’ అని ఈ రాత్రే ఫోనులో అడగండి. అలా అడిగినందుకు ఎవరూ చిన్నచూపు చూడరు, పైగా తన అలవాటును పట్టించుకునే మనిషని ఆమెకు అర్థమవుతుంది. వెల్లుల్లి, గుడ్డు, పుట్టగొడుగులు, పాలు పడని వారు కూడా ఉంటారు కాబట్టి అదే మాటలో అవీ కనుక్కోండి.

ఇక బిర్యానీ హోటళ్ల సంగతి. సికింద్రాబాదులో 1953లో మొదలైన ప్యారడైజ్ దగ్గరి నుంచి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ బావర్చి దాకా ఈ నగరానికి పేరు తెచ్చిన హోటళ్లంటే నాకు గౌరవం. అయితే బిర్యానీ అనేది నలుగురైదుగురు దగ్గరివాళ్లు కూర్చుని, చేత్తో కలుపుకుని, ఎముకను కొరికి, వేళ్లకంటిన మసాలాను ఆస్వాదించే భోజనం. అంతగా పరిచయం లేని మనిషి ముందు ఆ స్వేచ్ఛ ఎవరికీ ఉండదు. నాకు బాగా గుర్తున్న ఒక మధ్యాహ్నం గురించి చెబుతాను. తెల్లటి చికన్‌కారీ ఎంబ్రాయిడరీ కుర్తా వేసుకున్న ఒక అమ్మాయి, ఆమెతో పాటు ఒక అబ్బాయి వచ్చారు. మా దగ్గర పేరు మోసినది నల్లి గోష్ట్, అంటే మూలుగ ఎముకతో వండే మాంసం కూర కాబట్టి ఆమెను సంతోషపెట్టాలని అతను అదే చెప్పాడు. రాగి గిన్నెలో, ఎర్రటి నూనె తేలుతున్న పులుసులో, జానెడు ఎముక వచ్చి బల్ల మీద కూర్చుంది. మూలుగను ఎముకలోంచి పీల్చుకోవాలి, లేకపోతే ఎముకను పళ్లెం అంచుకు కొట్టి రాబట్టాలి. ఆమె చున్నీని భుజం మీద ఒకసారి, మెడ చుట్టూ ఒకసారి, చివరికి ఒళ్లో ఒకసారి సర్దుకుంది. చెంచాతో పులుసు అంచున కొంచెం తీసుకుని రెండు ముద్దలు తిని, పెరుగు పచ్చడి అడిగింది. అబ్బాయి కూడా సిగ్గుపడి ఎముక జోలికి పోలేదు. వంటవాడు నాలుగు గంటలు సన్నసెగ మీద ఉడికించిన ఆ కూర ముప్పావు వంతు వెనక్కి వచ్చింది. వాళ్లిద్దరూ మంచి మనుషుల్లాగే కనిపించారు, కానీ అరగంట కూడా కూర్చోలేదు. ఆ తరువాత కొత్త జంటలు అడిగితే మెనూలో ఆ పేజీ దాటవేసి, ఎముక లేనివే చెప్పేవాడిని.

బఫే గురించి కూడా అలాగే చెబుతాను. బఫేలో ప్రతి పది నిమిషాలకూ ఒకరు లేచి వెళ్లాలి. రెండోవారు బ్యాగులకు కాపలాగా ఫోను చూసుకుంటూ కూర్చోవాలి. బల్ల మీదే నిప్పులు పెట్టేచోట ఎదుటి మనిషి ముఖానికీ మీకూ మధ్య సెగ, పొగ, ఇనుప చువ్వలు ఉంటాయి. శని, ఆదివారాల్లో తలకు ఇంత అని ధర పెంచుతారు కాబట్టి మీ 1,500 కూడా సరిపోకపోవచ్చు. పైగా ఆ రోజుల్లో పుట్టినరోజు కేకులు ఎక్కువ. సిబ్బంది పది మంది చప్పట్లు కొడుతూ పాడుతుంటే మీరు మధ్యలో ఆపిన వాక్యం ఇక దొరకదు. ఆంధ్రా ఫుల్ మీల్స్ పెట్టే హోటలును మీరు తలవలేదు కానీ, చాలామంది తక్కువ ధర అని దాన్నే ఎంచుకుంటారు కాబట్టి చెబుతున్నాను. వడ్డించేవాళ్ల మర్యాదే అక్కడ మాటలకు అడ్డం వస్తుంది. పప్పు, కూర, సాంబారు, రసం, మజ్జిగ పులుసు అంటూ రెండు నిమిషాలకు ఒకరు గిన్నె పట్టుకుని పక్కన నిలబడతారు. ఇరవై నిమిషాల్లో పెరుగన్నం దాకా వచ్చేస్తారు, అప్పటికే మీ కుర్చీ వెనుక తరువాతి కుటుంబం నిలబడి ఉంటుంది. మేడ మీది కెఫే సాయంత్రానికి బాగుంటుంది. హైదరాబాదు ఎండలో మధ్యాహ్నం రెండు గంటలకు రేకు పందిరి కింద, ఎంత ఫ్యాను ఉన్నా, కూర్చోలేరు.

కాబట్టి మీరు వెతకవలసింది ఏసీ ఉన్న, కుటుంబాలు వచ్చే, మెనూ చూసి విడివిడిగా ఆర్డరు ఇచ్చే మామూలు రెస్టారెంటు. ఆర్డరు తీసుకున్నాక స్టార్టరుకు పది పదిహేను నిమిషాలు, కూరలకు ఇంకో ఇరవై నిమిషాలు పడుతుంది. ఆ ఖాళీ సమయమే మీకు కావలసింది.

ఎక్కడ అన్నదానికి మీ ఇద్దరి మెట్రో దారి చూస్తే సరిపోతుంది. 2017 నవంబరులో మొదట తెరుచుకున్న మియాపూర్–అమీర్‌పేట–నాగోల్ మార్గం మీదే మీ ఇద్దరి స్టేషన్లూ ఉన్నాయి. మీరు ఎర్ర లైనులో, ఆమె నీలం లైనులో వస్తే రెండూ అమీర్‌పేటలో కలుస్తాయి. నా సలహా బేగంపేట. తార్నాక నుంచి ఆమె రైలు మారకుండా నేరుగా దిగుతారు. మీరు అమీర్‌పేటలో మారి ఒక్క స్టేషను ముందుకు వెళ్లాలి. మారే శ్రమ పిలిచినవారికే ఉండాలి. కారు ఉన్నా ఆ రోజు ఇంట్లో ఉంచండి, ఎందుకంటే శనివారం మధ్యాహ్నం పార్కింగు కోసం మూడు చుట్లు తిరిగి చెమటతో లోపలికి వచ్చేవాళ్లను చాలామందిని చూశాను. మొదటి రోజే మీ బండి ఎక్కాలా వద్దా అన్న ఇబ్బంది ఆమెకు కలగకపోవడం కూడా ముఖ్యం. ఆమె స్వంతంగా వచ్చి స్వంతంగా వెళ్లగలిగే చోటును మీరే చూపించడం ఒక మర్యాద. ఆమె ఆఫీసు ఉన్న వీధి, మీ ఇద్దరి బంధువులు ఉండే కాలనీ వద్దు. ఎవరో బాబాయి గుమ్మంలోంచి తొంగిచూస్తారేమోనన్న భయంతో అన్నం తినడం కష్టం.

శనివారం ఆమె శాకాహారమే అంటే, నాగార్జున సర్కిల్ దగ్గరి చట్నీస్, హిమాయత్‌నగర్‌లోని మినర్వా కాఫీ షాపు లాంటి శాకాహార హోటళ్లు ఈ నగరంలో ఎప్పటి నుంచో ఉన్నాయి. దోశ, ఇడ్లీ, పులావు వంటివి శుభ్రంగా, తొందర లేకుండా తినవచ్చు, ధర కూడా మీ లెక్కలోనే ఉంటుంది. వారాంతంలో రద్దీ ఉంటుంది కాబట్టి కింద చెప్పే వేళ పాటించండి. నాటుకోడి పులుసు, రాగి సంగటి, ఉలవచారు బిర్యానీ వంటివి తినిపించాలని మీకు ఉంటే దాచుకోండి. ఒకరి ముందు ఒకరు చేత్తో తినడానికి మొహమాటం లేని రోజు వచ్చాక రాయలసీమ రుచులు, ఉలవచారు అనే హోటళ్లలో ఒకదానికి వెళ్తే ఆ భోజనానికి న్యాయం జరుగుతుంది. ‘బార్ అండ్ రెస్టారెంట్’ అని బోర్డు ఉన్నచోట కూర ఎంత బాగున్నా, మసక వెలుతురులో మధ్యాహ్నమే గ్లాసులు మోగే హాలులోకి కొత్త మనిషిని తీసుకువెళ్లవద్దు. పాత హోటళ్లలో తెరలు కట్టిన ఫ్యామిలీ క్యాబిన్లు ఇంకా కొన్ని ఉన్నాయి, అవీ వద్దు. నలుగురూ కనిపించే హాలులోనే ఆడపిల్లకు ధీమాగా ఉంటుంది.

ఇప్పుడు అసలు పని చెబుతాను. మీరు కలిసే రోజుకు ముందు మధ్యలో ఒక శనివారం ఉంది. ఆ రోజు సరిగ్గా అదే వేళకు మీరు ఒక్కరే వెళ్లి కూర్చోండి. నెట్‌లో ఫోటోలు ఖాళీ హాలువి, మీరు చూడవలసింది నిండిన హాలును. ఒక సూపో, దోశో చెప్పుకుని చెవులు పెట్టి వినండి. నున్నటి రాతి నేల, గాజు గోడలు, తెరలు లేని కిటికీలు ఉన్నచోట పళ్లేల చప్పుడు, పిల్లల ఏడుపు అన్నీ గదిలోనే తిరుగుతాయి. స్టీవార్డు మామూలు గొంతుతో చెప్పింది మీకు రెండోసారి అడగకుండా వినిపిస్తే ఆ హాలు పనికొస్తుంది. గోడ మీది టీవీలో క్రికెట్ పెడతారా, స్పీకరు ఏ బల్ల మీద ఉంది, ఏసీ గాలి నేరుగా ఎవరి తల మీద పడుతోంది అన్నవి చూడండి. గాలి కింద కూర్చుంటే కూర ఐదు నిమిషాల్లో చల్లబడుతుంది, చలికి ఆమె భుజాలు ముడుచుకుని కూర్చుంటారు.

తప్పకుండా చూడవలసింది వాష్‌రూమ్. మగవాళ్లు దీన్ని తలచుకోరు, ఆడవాళ్లు దీన్ని బట్టే ఆ చోటుకు మళ్లీ రావాలా వద్దా అని నిర్ణయించుకుంటారు. కాంప్లెక్సుల్లోని చాలా రెస్టారెంట్లకు స్వంత వాష్‌రూమ్ ఉండదు. కౌంటరులో తాళంచెవి అడిగి, మెట్ల దగ్గర అందరికీ కలిపి ఉన్నదానికి వెళ్లాలి. ఆడవాళ్లకు వేరుగా ఉందా, లోపలే ఉందా, గడియ పడుతుందా, నీళ్లు వస్తున్నాయా అన్నది సిబ్బందిలోని ఆడమనిషిని మర్యాదగా అడిగితే చెబుతారు. అక్కడ సంతృప్తి లేకపోతే వంట ఎంత బాగున్నా ఆ హోటలును వదిలేయండి.

బల్లల విషయంలో మా వృత్తిలో జరిగే ఒక అన్యాయం మీకు తెలియాలి. ఇద్దరే వస్తే బిల్లు చిన్నది కాబట్టి మంచి బల్లలను కుటుంబాల కోసం ఉంచి, జంటలను వంటగది తలుపు పక్కనో, చేతులు కడుక్కునే బేసిన్ ఎదురుగానో కూర్చోబెట్టమని నేను పనిచేసిన ఒకచోట యజమాని చెప్పేవారు. చాలాకాలం నేనూ అలాగే చేశాను, అది సరికాదని ఇప్పుడు గట్టిగా అనుకుంటున్నాను. ఇది జరగకుండా ఉండాలంటే ముందే చూసి ఒక బల్లను ఎంచుకుని, శుక్రవారం ఉదయం 11 గంటల ప్రాంతంలో, అంటే భోజనాల హడావుడి మొదలుకాకముందు, ఫోను చేసి మేనేజరుతో మాట్లాడండి. ‘కిటికీ పక్క వరుసలో గోడకు ఆనుకున్న ఇద్దరి బల్ల కావాలి, శనివారం పన్నెండున్నరకు వస్తాము’ అని స్పష్టంగా చెబితే రాసుకుంటారు. శనివారం ఉదయం ఇంకోసారి గుర్తుచేయండి. పదిహేను నిమిషాలు దాటితే ఆ బల్లను వేరేవాళ్లకు ఇచ్చేచోట్లు ఎక్కువ కాబట్టి మీరు పది నిమిషాలు ముందే వెళ్లండి. గోడవైపు, హాలు మొత్తం కనిపించే కుర్చీ ఆమెకు ఇవ్వండి. సోఫా లోపలి వైపు కూర్చుంటే, ఆమె లేవాలన్నా మీరు తప్పుకోవాలి. అలాంటి చోట కుర్చీలే మేలు.

పన్నెండున్నర అన్నది ఊరికే చెప్పలేదు. ఆ వేళకు వంటగదిలో అన్నీ అప్పుడే సిద్ధమై ఉంటాయి, స్టీవార్డులకు ఓపిక ఉంటుంది, హాలు సగం ఖాళీగా ఉంటుంది. ఒకటింబావుకు జనం ఎగబడేసరికి మీ స్టార్టర్లు అయిపోయి, మాట కుదురుకుని ఉంటుంది. ఒకటిన్నరకు వెళ్తే పేరు రాయించుకుని గుమ్మం బయట ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చోవలసి వస్తుంది. చాలాచోట్ల మధ్యాహ్నం మూడింటికి చివరి ఆర్డరు, మూడున్నరకు మూసివేత. ఆఖరి అరగంటలో దీపాలు సగం ఆర్పి, ఫినాయిలుతో తుడవడం మొదలుపెడతారు. ఆ వాసనలో ఐస్‌క్రీము తినలేము.

ఆర్డరు ఇచ్చేటప్పుడు ఎముకలు, పెంకులు, దారాల్లా సాగే చీజ్, పళ్లలో ఇరుక్కునే ఆకుకూర వేపుళ్లు పక్కన పెట్టండి. ఒక స్టార్టరు, ఒక కూర, రొట్టెలు, పంచుకునేందుకు ఒక పులావు చాలు. ఇక్కడ ఒక ప్లేటు అన్నం ఇద్దరికి వస్తుంది. కారం ఎంత వేస్తారో స్టీవార్డును ఆమె వినేలా అడగండి, ఆమె తన మాట చెప్పడానికి అప్పుడు వీలు దొరుకుతుంది. ‘రెగ్యులర్ వాటరా, మినరలా’ అన్న ప్రశ్న మొదటే వస్తుంది. మీరు అలవాటుగా మామూలు నీళ్లు తాగేవారైనా, ముందు ఆమెను అడిగి చెప్పండి. తీపికి ఖుబానీ కా మీఠా దొరికితే ఒకటి తెప్పించి రెండు చెంచాలు అడగండి, ఎండిన ఆప్రికాట్లతో చేసే ఆ తీపి ఈ ఊరిదే.

డబ్బు లెక్క తేలికే. మెనూ ధరల్లో 1,200 రూపాయలకు ఆర్డరు ఇస్తే మామూలు రెస్టారెంటులో 5 శాతం జీఎస్టీ, అంటే 60 రూపాయలు కలిసి 1,260 అవుతుంది. బిల్లులో అడగకుండా సర్వీస్ చార్జీ వేస్తే అది తీసివేయమని అడిగే హక్కు మీకు ఉంది. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలైలోనే ఆ మేరకు మార్గదర్శకాలు ఇచ్చింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. అయితే ఆమె ఎదురుగా ఆ కాస్త డబ్బు కోసం వాదన పెట్టుకోకుండా, ముందు శనివారం వెళ్లినప్పుడే బిల్లు చూసి ఆ అలవాటు ఉందో లేదో తెలుసుకోండి. సేవ బాగుంటే టిప్పును మీ చేతితో స్టీవార్డుకే ఇవ్వండి. పిలిచింది మీరు కాబట్టి బిల్లు మీదే, ఆ సంగతి కూర్చునే ముందే కెప్టెన్‌కు చెప్పి ఉంచండి. ఆమె సగం ఇస్తానని గట్టిగా అంటే ఒక్కసారి వద్దని చెప్పి, ఆ తరువాత ఒప్పుకోండి. బిల్లు అట్టను అటూ ఇటూ లాక్కోవడం చూడటానికి బాగుండదు. సెల్లార్‌లో ఉన్న హాళ్లలో ఫోను సిగ్నలు అందక యూపీఐ తిరుగుతూనే ఉంటుంది, జేబులో కార్డో నగదో ఉంచుకోండి.

మాట ఇంకా మిగిలి ఉంటే ఆ బల్ల దగ్గరే సాగదీయకుండా, నడిచి వెళ్లగలిగిన దూరంలో కాఫీనో ఇరానీ చాయో దొరికే శుభ్రమైన చోటు ఒకటి ముందే చూసి పెట్టుకోండి. ‘పక్కనే కాఫీ బాగుంటుంది, మీకు సమయం ఉందా?’ అని అడిగితే, ఉండాలన్నా వెళ్లాలన్నా ఆమెకు సులువుగా ఉంటుంది. వెళ్తానంటే మెట్రో మెట్ల దాకా తోడు వెళ్లండి. బేగంపేటలో ఆమెది నాగోల్ వైపు ప్లాట్‌ఫారం, మీది రాయదుర్గం వైపు. ఆమె రైలు వచ్చేదాకా ఆగాలా అని అడిగి, ఆమె చెప్పినట్టు చేయండి.